గీత నల్లబడితే ఎంజైము ఆగినట్టు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

గత సంచికలో కాలేయంలో కొవ్వు పేరుకోవడం గురించి రాస్తూ, కొవ్వును తయారుచేసే ఎంజైముకు ఫాస్ఫేటు తగిలిందో లేదో చూడడానికి పరిశోధకులు ఒక ప్రత్యేకమైన యాంటీబాడీని వాడతారని ఒక్క వాక్యంలో చెప్పి ముందుకు సాగిపోయాను. ఏం తినాలి, ఏం మానాలి అన్న ఉత్తరాలు వస్తాయనుకుంటే, విశాఖపట్నం నుంచీ చుట్టుపక్కల ఊళ్ల నుంచీ ఆ ఒక్క వాక్యం మీదే ఉత్తరాలు వచ్చాయి. కనుక ఈ నెల శీర్షికను పూర్తిగా దానికే కేటాయిస్తున్నాను. ఆ ఎంజైము పూర్తి పేరు ఎసిటైల్ కోఏ కార్బాక్సిలేజ్. ప్రయోగశాలల్లో అందరూ ఏసీసీ అంటారు కాబట్టి నేనూ అలాగే రాస్తాను. పైన శీర్షికలోని గీత సంగతి కూడా ముందే చెబుతాను. కణజాలాన్ని నూరి, అందులోని ప్రొటీన్లను జెల్ అనే మెత్తని పలకలో బరువు ప్రకారం విడదీసి, ఒక పలచని పొర మీదికి ఎక్కించి (దీన్నే ట్రాన్స్‌ఫర్ అంటారు), ఆ పొరను యాంటీబాడీలో నానబెడతారు. అది అతుక్కున్న చోట నల్లని గీత, అంటే బ్యాండ్, కనబడుతుంది. ఈ పద్ధతి పేరు వెస్టర్న్ బ్లాట్.

ప్రశ్న: మా అమ్మాయి జీవరసాయన శాస్త్రంలో పీహెచ్‌డీ చేస్తోంది. ఏదో యాంటీబాడీ కోసం ఆరు వారాలుగా ఎదురుచూస్తున్నామని, అది వస్తేగాని పని కదలదని అంటోంది. కోవిడ్ రోజుల్లో యాంటీబాడీలు మన రక్తంలోనే తయారవుతాయని విన్నాం. అలాంటిదాన్ని వేలకు వేలు పోసి సీసాలో కొనడమేమిటి? అది మందా?
— ఉక్కు కర్మాగారంలో పనిచేసి రిటైరైన ఒక తండ్రి, గాజువాక

జవాబు: మందు కాదండీ. సీసా మీద "పరిశోధనకు మాత్రమే" అని రాసి ఉంటుంది, ఆ మాటను అక్షరాలా పాటించాలి. అయితే మీరు కోవిడ్ రోజుల్లో విన్న యాంటీబాడీకీ, మీ అమ్మాయి ఎదురుచూస్తున్న యాంటీబాడీకీ జాతి ఒక్కటే. ఒంట్లోకి వచ్చిన పరాయి పదార్థం ఆకారాన్ని గుర్తుపట్టి దానికి అతుక్కునే ప్రొటీను అది. మన రక్తంలో తయారైతే మనల్ని కాపాడుతుంది. మనకు కావలసిన ఆకారాన్ని చూపించి కుందేలు రక్తంలో తయారు చేయించుకుంటే, ఆ ఆకారం ఎక్కడున్నా వెతికిపెట్టే పనిముట్టు అవుతుంది.

ఖరీదంతా ఆ "కావలసిన ఆకారం" దగ్గరే ఉంది. ఏసీసీ చాలా పెద్ద ప్రొటీను, రెండువేల మూడువందలకు పైగా ఎమైనో ఆమ్లాల గొలుసు. అందులో 79వ స్థానంలో సెరీన్ అనే ఎమైనో ఆమ్లం ఉంటుంది. ఆ సెరీన్‌కు ఫాస్ఫేటు తగులుతుంది, ఊడుతుంది. మనకు తెలియవలసింది ఎంజైము ఉందా లేదా అని కాదు, ఆ ఒక్క చోట ఫాస్ఫేటు ఉందా లేదా అని. ఒకే మనిషి నుదుట బొట్టు ఉన్నప్పుడు మాత్రమే గుర్తుపట్టి, బొట్టు లేనప్పుడు ఎదురుపడినా పలకరించకుండా వెళ్లిపోయే కాపలాదారు కావాలన్నమాట. అలాంటివాణ్ణి తయారు చేయడం తేలిక కాదు.

అందుకు ముందుగా ఆ 79వ స్థానం చుట్టూ ఉన్న పది పదిహేను ఎమైనో ఆమ్లాల ముక్కను, సెరీన్ మీద ఫాస్ఫేటుతో సహా, రసాయనికంగా తయారు చేస్తారు. అంత చిన్న ముక్కను కుందేలు ఒళ్లు లెక్కచేయదు కనుక దాన్ని ఒక పెద్ద ప్రొటీనుకు అంటిస్తారు. ఈ పని కోసం ఎక్కువగా వాడేది కాలిఫోర్నియా తీరంలో రాళ్లను అంటిపెట్టుకుని బతికే ఒక సముద్రపు నత్త రక్తంలోని ప్రొటీను. సముద్రం ఒడ్డున ఉన్నవాళ్లం కనుక ఈ సంగతి చెప్పకుండా ఉండలేకపోయాను. కుందేలుకు కొన్ని వారాలపాటు మళ్లీమళ్లీ సూదిమందు వేశాక దాని రక్తంలో ఎన్నో రకాల యాంటీబాడీలు పుడతాయి. బొట్టును చూసేవి కొన్ని, బొట్టుతో పని లేకుండా ముఖాన్ని చూసేవి కొన్ని, నత్త ప్రొటీనును చూసేవి మరికొన్ని. ఫాస్ఫేటు ఉన్న ముక్కలను అంటించిన గొట్టం గుండా ఆ రక్తరసాన్ని పంపితే కావలసినవి అంటుకుంటాయి. వాటిని విడదీసి, ఫాస్ఫేటు లేని ముక్కలున్న మరో గొట్టం గుండా పంపితే, బొట్టు లేకపోయినా పలకరించే రకాలు అక్కడ చిక్కుకుపోతాయి. ఇక్కడ కిందికి జారి వచ్చేవే మనకు పనికొచ్చేవి. ఇప్పుడు చాలా సంస్థలు కుందేలులో ఆ యాంటీబాడీని తయారు చేసే జన్యువును వేరుచేసి, కణాలలో ఒకే రకం యాంటీబాడీని ఎప్పటికీ ఒకేలా తయారు చేస్తున్నాయి. కుందేలు మారితే సరుకు మారే బెడద దీనితో తప్పింది.

సీసాలో వచ్చేది సాధారణంగా 100 మైక్రోలీటర్లు, అంటే ఇంచుమించు రెండు చుక్కలు. దాన్ని వెయ్యి రెట్లు పలచన చేసి వాడతారు కనుక 100 మిల్లీలీటర్లవుతుంది. ఒక్కో ప్రయోగానికి పది మిల్లీలీటర్లు చొప్పున పది ప్రయోగాలు. మీ అమ్మాయి ఆ సీసాను ఎందుకంత జాగ్రత్తగా చూసుకుంటుందో ఈ లెక్క చూస్తే మీకే అర్థమవుతుంది.

ప్రశ్న: ఎంజైముకు ఫాస్ఫేటు తగిలితే అది చురుకవుతుందని నేను ఏళ్ల తరబడి పిల్లలకు పాఠం చెప్పాను. ఏసీసీ కొవ్వును తయారు చేస్తుందంటున్నారు. మరి దానికి ఫాస్ఫేటు తగిలితే కొవ్వు పెరగాలి కదా? మీ వ్యాసంలో తగ్గుతుందని రాశారు. అచ్చుతప్పా?
— రిటైర్డ్ సైన్సు ఉపాధ్యాయుడు, భీమునిపట్నం

జవాబు: అచ్చుతప్పు కాదు మాస్టారూ. మీరు పాఠం చెప్పిన ఉదాహరణ వేరు, ఇది వేరు. 1955 ప్రాంతంలో ఎడ్మండ్ ఫిషర్, ఎడ్విన్ క్రెబ్స్ కండరంలోని గ్లైకోజెన్ ఫాస్ఫారిలేజ్ అనే ఎంజైము ఫాస్ఫేటు తగిలితే మేల్కొంటుందని చూపించారు. 1992లో వాళ్లిద్దరికీ నోబెల్ బహుమతి వచ్చింది. పాఠ్యపుస్తకాలన్నీ ఆ కథతోనే మొదలవుతాయి కనుక, ఫాస్ఫేటు అంటే "నడిపించే మీట" అన్న అభిప్రాయం మన బుర్రల్లో స్థిరపడిపోయింది. నిజానికి ఫాస్ఫేటు ఒక గుర్తు మాత్రమే. ఆ గుర్తుకు అర్థం ఏమిటన్నది ఎంజైమును బట్టి మారుతుంది. కర్మాగారంలో యంత్రానికి మరమ్మతు జరుగుతున్నప్పుడు స్విచ్‌కు "నడపరాదు" అన్న బోర్డు తగిలిస్తారు. పైన ఉత్తరం రాసిన గాజువాక పాఠకుడికి అది రోజూ చూసిన వస్తువే. ఏసీసీ విషయంలో 79వ సెరీన్ మీది ఫాస్ఫేటు అలాంటి బోర్డు. యాంటీబాడీతో మనం చూసే నల్లని గీత యంత్రాల సంఖ్యను కాదు, తగిలించిన బోర్డుల సంఖ్యను చెబుతుంది. గీత ఎంత నల్లబడితే అన్ని యంత్రాలు ఆగి ఉన్నాయన్నమాట.

బోర్డు తగిలించేది ఏఎంపీకే అనే మరో ఎంజైము. కణం దగ్గర శక్తి నిల్వ, అంటే ఏటీపీ, తరిగి ఏఎంపీ పెరిగినప్పుడు అది మేల్కొంటుంది. కొవ్వు తయారీ ఖర్చుతో కూడిన వ్యవహారం. ఇంట్లో బియ్యం నిండుకున్న రోజు ఎవరూ అరిసెలు వండరు కదా, కణమూ అంతే, ముందుగా ఆ పొయ్యినే ఆర్పుతుంది. అక్కడితో ఆగదు. ఏసీసీ తయారు చేసే మలోనైల్ కోఏ అనే పదార్థం కొవ్వు తయారీకి తొలి ముడిసరుకు మాత్రమే కాదు, కొవ్వు ఆమ్లాలను మైటోకాండ్రియా లోపలికి పోనివ్వకుండా ద్వారం దగ్గర అడ్డుకునేది కూడా అదే. కాబట్టి ఏసీసీ ఆగితే కొత్త కొవ్వు తయారీ తగ్గడమే కాక, ఉన్న కొవ్వు కాలడానికి దారి తెరుచుకుంటుంది. ఈ రెండు పనులనూ పంచుకోవడానికి రెండు ఏసీసీలు ఉన్నాయి. మొదటిది కణద్రవంలో ఉండి ప్రధానంగా కొవ్వును తయారు చేస్తుంది. రెండోది మైటోకాండ్రియా బయటి పొరను అంటిపెట్టుకుని, గుండెలోనూ కండరంలోనూ ఎక్కువగా ఉండి, ద్వారం దగ్గరి అడ్డును చూసుకుంటుంది. యాంటీబాడీ గుర్తించే ముక్క రెండింటిలోనూ ఇంచుమించు ఒకేలా ఉండడంతో రెండూ కనబడతాయి.

ఈ ఒక్క ఫాస్ఫేటుకు నిజంగా అంత ప్రాముఖ్యం ఉందా అన్న అనుమానం సహజమే. 2013లో గ్రెగొరీ స్టైన్‌బర్గ్ బృందం రెండు ఏసీసీలలోనూ ఆ సెరీన్ స్థానంలో ఫాస్ఫేటు తగలడానికి వీలులేని అలనిన్ అనే ఎమైనో ఆమ్లం పెట్టి చిట్టెలుకలను పుట్టించింది. ఇంకే మార్పూ చేయలేదు. ఆ చిట్టెలుకల కాలేయంలో కొవ్వు పెరిగింది, ఇన్సులిన్‌కు స్పందన మందగించింది. అంత పెద్ద ప్రొటీనులో ఒక్క చోట బోర్డు తగిలించే మేకు పీకేస్తే జరిగినది అది.

స్థానం సంఖ్య గురించి ఒక మాట చెప్పాలి. 79 అన్నది ఎలుక ఎంజైము లెక్క. మనిషి ఏసీసీలో అదే సెరీన్ 80వది. రెండో ఏసీసీలో చిట్టెలుకకు 212, మనిషికి 222. సీసాల మీద అలవాటుగా 79 అనే వేస్తారు. సంఖ్యలు కలవలేదని కంగారుపడవలసిన పని లేదు.

ఫాస్ఫేటు ప్రస్తావన వచ్చింది కనుక మనవాణ్ణి తలచుకోకుండా ఉండలేను. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు, సైరస్ ఫిస్క్‌తో కలిసి 1925లో ఫాస్ఫరస్‌ను నీలిరంగు గాఢతతో కొలిచే పద్ధతిని ప్రచురించారు. దాని ఆధారంగానే కండరంలో ఫాస్ఫోక్రియాటిన్‌నూ, తర్వాత ఏటీపీనీ పట్టుకున్నారు. కణంలో శక్తి తరిగిందా లేదా అని ఏఎంపీకే చూసుకునే ఏటీపీ అదే. ఆయన చేతిలో నీలిరంగు ఎంత ఫాస్ఫేటు ఉందో చెప్పింది. ఈ యాంటీబాడీ ఏ ప్రొటీనులో, ఏ ఎమైనో ఆమ్లం మీద ఉందో చెబుతుంది.

ప్రశ్న: ఒక రోజంతా ఆహారం పెట్టని ఎలుకల కాలేయాన్నీ, తిన్న ఎలుకల కాలేయాన్నీ పోల్చుతున్నాను. ఆకలితో ఉన్నవాటిలో ఫాస్ఫో ఏసీసీ, అంటే ఫాస్ఫేటు తగిలిన ఏసీసీ, ఎక్కువగా ఉండాలి. నాకు రెండింటిలోనూ బ్యాండ్ ఒకేలా చిక్కగా వస్తోంది. కొన్ని రోజులు అసలు బ్యాండే రాదు, పోలిక కోసం చూసే యాక్టిన్ అనే చిన్న ప్రొటీను మాత్రం కింద చక్కగా వస్తుంది. యాంటీబాడీ చెడిపోయిందా? జంతువుల గది ఒక భవనంలో, మా ల్యాబ్ మరో భవనంలో ఉన్నాయి. కాలేయాన్ని ఐసు మీద పెట్టి తెచ్చి, తూకం వేసి, మైనస్ 80 డిగ్రీల ఫ్రీజర్‌లో పెడతాను.
— పరిశోధక విద్యార్థిని, ఎం.వి.పి. కాలనీ

జవాబు: యాంటీబాడీ మీద అనుమానం చివర పెట్టుకోండమ్మా. మీ ఉత్తరంలో జవాబు ఆఖరి వాక్యంలోనే ఉంది.

ఎలుక ఒంట్లోంచి కాలేయాన్ని తీసిన క్షణమే దానికి రక్తమూ ప్రాణవాయువూ ఆగిపోతాయి. లోపలి కణాలు మాత్రం ఇంకా బతికే ఉంటాయి, ఏటీపీని ఖర్చుపెడుతూనే ఉంటాయి. ఏటీపీ తరుగుతుంది, ఏఎంపీ పెరుగుతుంది, ఏఎంపీకే మేల్కొంటుంది, ఏసీసీకి బోర్డు తగిలిస్తుంది. మీరు ఒక భవనం మెట్లు దిగి మరో భవనం మెట్లు ఎక్కేలోగా, తిన్న ఎలుక కాలేయం కూడా ఆకలిగొన్న కాలేయంలాగే అయిపోయింది. ఐసు దీన్ని నెమ్మదింపజేస్తుందే గాని, ముక్క మధ్యభాగం చల్లబడేసరికే చాలా ఆలస్యమైపోతుంది. కాబట్టి మీకు రెండు వైపులా చిక్కని బ్యాండ్ రావడంలో అబద్ధం లేదు. ఆ ఫాస్ఫేటు నిజంగానే ఉంది. కాకపోతే దాన్ని పెట్టింది ఉపవాసం కాదు, మీ నడక.

దీనికి పాత మందే ఉంది. 1960లో వోలెన్‌బర్గర్, ఆయన సహచరులు అల్యూమినియం దిమ్మెలు బిగించిన పటకారును ద్రవ నైట్రోజన్‌లో, అంటే మైనస్ 196 డిగ్రీల్లో, ముంచి, దానితో కణజాలాన్ని నొక్కి ఒక్క క్షణంలో పలచని బిళ్లలా గడ్డకట్టించే పద్ధతిని వివరించారు. నైట్రోజన్ డబ్బాను జంతువుల గదికే తీసుకువెళ్లండి. మత్తులో ఉన్న జంతువు కాలేయాన్ని అక్కడే పటకారుతో నొక్కండి, తూకం మాత్రం తర్వాత, గడ్డకట్టిన ముక్కకే వేయండి. పటకారు చేయించుకోవడం కష్టమేమీ కాదు, మన ఊళ్లో వెల్డింగు షాపుల్లో ఇంతకన్నా కష్టమైనవి చేస్తారు. మత్తుమందు, జంతువును పట్టుకున్నప్పటి బెదురు కూడా కొంత ప్రభావం చూపుతాయి కనుక రెండు గుంపులకూ వరస, సమయం, చేయి ఒకటే ఉండేలా చూసుకోండి.

ఆలస్యం అన్నిసార్లూ గీతను నల్లబరచదు, అదీ తెలుసుకోవాలి. నిమిషాల ఆలస్యం ఫాస్ఫేటును పెంచితే, గంటల ఆలస్యం దాన్ని తుడిచేస్తుంది, ఎందుకంటే ఏటీపీ పూర్తిగా అయిపోయాక తగిలించేవాడు ఉండడు, ఊడదీసే ఫాస్ఫటేజులు మాత్రం పనిచేస్తూనే ఉంటాయి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు మా ఫ్రీజర్‌కు రోజుల తరబడి కరెంటు లేదు. జనరేటర్‌కు డీజిలు దొరకలేదు, నమూనాలన్నీ నీళ్లయ్యాయి. పారేయడానికి మనసొప్పక వాటితో ఒక బ్లాట్ చేశాం. మొత్తం ఏసీసీ మసగ్గా, చారలు చారలుగానైనా కనబడింది. ఫాస్ఫో గీత జాడ కూడా లేదు. రెండేళ్ల పని అది.

అందుకే కణజాలాన్ని నూరే బఫర్‌లో ఫాస్ఫటేజులను ఆపే మందులు తప్పనిసరి. ఇక్కడ చాలామంది చేసే పొరపాటు ఒకటుంది. సోడియం ఆర్థోవనడేట్ ఒక్కటి వేసి నిశ్చింతగా ఉంటారు. అది ముఖ్యంగా టైరోసిన్ మీది ఫాస్ఫేటును కాపాడుతుంది. మనది సెరీన్. సోడియం ఫ్లోరైడ్, బీటా గ్లిసరోఫాస్ఫేట్, పైరోఫాస్ఫేట్ ఉండాలి.

ఇక కొన్ని రోజులు బ్యాండ్ అసలు రాకపోవడం వేరే సమస్య. ప్రొటీన్ల బరువును కిలోడాల్టన్లలో కొలుస్తారు. మొదటి ఏసీసీ బరువు 265 కిలోడాల్టన్లు, రెండోది 280. యాక్టిన్ 42. యాక్టిన్‌కు సరిపడేలా జెల్, ట్రాన్స్‌ఫర్ చేస్తే ఏసీసీ జెల్‌లోనే ఉండిపోతుంది. చీమ వెళ్లిన కన్నంలోంచి ఏనుగు వెళ్లాలంటే ఎలా? 6 శాతం జెల్ పోయండి. ట్రాన్స్‌ఫర్ బఫర్‌లో మిథనాల్‌ను 20 శాతం నుంచి 10కి తగ్గించండి, ఎందుకంటే మిథనాల్ జెల్‌ను బిగుసుకుపోయేలా చేసి పెద్ద ప్రొటీన్లను లోపలే పట్టేస్తుంది. చల్లని గదిలో 30 వోల్టుల దగ్గర రాత్రంతా వదిలేయండి. పొద్దున్నే పొరకు పాన్‌సో ఎరుపు పూసి, పైభాగంలో ప్రొటీను ఉందో లేదో కంటితో చూశాకే విలువైన యాంటీబాడీని తీయండి. 6 శాతం జెల్‌లో యాక్టిన్ అడుగునుంచి జారిపోవచ్చు కనుక, అన్ని నమూనాలనూ సమానంగా వేశామా అని సరిచూసుకోవడానికి విన్‌క్యులిన్ వంటి పెద్ద ప్రొటీను మేలు.

నా సొంత తెలివితక్కువతనం ఒకటి చెబుతాను. బరువులు గుర్తుపట్టడానికి జెల్‌లో పక్కన వేసే రంగు ప్రొటీన్ల మిశ్రమాన్ని మార్కర్ అంటారు. అందులో అన్నిటికన్నా పైన ఉండే రంగుగీత 250 కిలోడాల్టన్లది. పొరను ముక్కలుగా కోసి వేర్వేరు యాంటీబాడీలలో వేద్దామని, ఆ గీత మీదుగా కత్తెర వేసి, పైన మిగిలిన సన్నటి పేలికను చెత్తబుట్టలో వేశాను. ఏసీసీ ఉండేది ఆ పేలికలోనే. మూడు వారాలపాటు యాంటీబాడీని, పంపిన సంస్థను, చివరకు ఎలుకలను కూడా తిట్టుకున్నాక గాని ఆ సంగతి తట్టలేదు.

యాంటీబాడీ ఎక్కడపడితే అక్కడ అంటుకోకుండా పొరను ముందుగా వేరే ప్రొటీనుతో కప్పడాన్ని బ్లాకింగ్ అంటారు. దానికి పాలపొడా, బీఎస్‌ఏ అనే ఆవు రక్తంలోని ప్రొటీనా అన్నది సీసాతో వచ్చిన కాగితంలో ఏముంటే అదే చేయండి. ఫాస్ఫో యాంటీబాడీలకు సాధారణంగా 5 శాతం బీఎస్‌ఏ అని ఉంటుంది, ఎందుకంటే పాలలోని కేసీన్‌కే బోలెడు ఫాస్ఫేటు ఉంటుంది. పాలలో చక్కగా పనిచేసే ఫాస్ఫో యాంటీబాడీలూ ఉన్నాయి కనుక దీన్ని మడి, మైల లాగా చూడనక్కరలేదు.

మీ పర్యవేక్షకులు ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా మూడు నమూనాలను ప్రతి జెల్‌లోనూ వేయండి. ఒకటి, ఐకార్ అనే రసాయనంతో ఏఎంపీకేను మేల్కొలిపిన కణాల నమూనా, అందులో గీత తప్పక రావాలి. రెండు, అదే నమూనాను ఫాస్ఫేటును ఊడదీసే లాంబ్డా ఫాస్ఫటేజ్ అనే ఎంజైముతో కడిగినది, అందులో గీత పోవాలి. దీనికి మాంగనీసు కావాలి, ఫాస్ఫటేజులను ఆపే మందులని పైన చెప్పినవి ఆ నమూనాలో ఉండకూడదు. మూడు, తిన్న ఎలుక కాలేయం, పటకారుతో నొక్కినది. ఈ మూడూ చెప్పినట్టు ప్రవర్తిస్తే తర్వాత వచ్చే గీతలను నమ్మవచ్చు.

మొత్తం ఏసీసీతో పోల్చకుండా ఫాస్ఫో గీత ఒక్కదాన్ని చూపించడం కూడా సరికాదు. రోజంతా ఆకలితో ఉన్న కాలేయంలో ఎంజైము మొత్తమే తగ్గవచ్చు. బోర్డులు తగ్గాయా, యంత్రాలే తగ్గాయా అన్నది విడిగా తెలియాలి. ఏసీసీ బయోటిన్ అనే విటమిను అతికి ఉన్న ఎంజైము కనుక, బయోటిన్‌ను గట్టిగా పట్టుకునే ప్రొటీనైన స్ట్రెప్టావిడిన్‌ దానంతటదే దానికి అతుక్కుంటుంది, చవకలో మొత్తం ఏసీసీని చూడడానికి ఇదొక దారి. ఈ గుణమే తెలియనివాళ్లకు ఉచ్చు కూడా. మొదటి (ప్రైమరీ) యాంటీబాడీని పట్టుకుని గీతను కనబరిచే రెండో యాంటీబాడీని సెకండరీ అంటారు. బయోటిన్ తగిలించిన సెకండరీని వాడి, దాన్ని స్ట్రెప్టావిడిన్‌తో చూస్తూ ఫాస్ఫో బ్లాట్ చేస్తే, ఫాస్ఫేటు ఉన్నా లేకపోయినా 265 దగ్గర గీత వచ్చి తీరుతుంది. 130 దగ్గర పైరువేట్ కార్బాక్సిలేజ్, 75 దగ్గర మరో రెండు బయోటిన్ ఎంజైములు కూడా తోడు వస్తే మీరు ఈ ఉచ్చులో పడ్డట్టే.

ప్రశ్న: పదేళ్లుగా షుగరుకు మెట్‌ఫార్మిన్ వేసుకుంటున్నాను. అది ఏఎంపీకే ద్వారా పనిచేస్తుందని విన్నాను. నాకు మందు పనిచేస్తోందో లేదో ఈ యాంటీబాడీతో రక్తపరీక్ష చేయించుకోవచ్చా?
— ఒక గృహిణి, సీతమ్మధార

జవాబు: చేయించుకోలేరు, అవసరమూ లేదు. అది చూడవలసినది కాలేయంలో, అదీ క్షణంలో గడ్డకట్టించిన ముక్కలో. అందుకోసం ఎవరూ మీ కాలేయాన్ని గిల్లరు. మీరు విన్నది మాత్రం గాలిమాట కాదు. పైన చెప్పిన 2013 నాటి చిట్టెలుకలలో మెట్‌ఫార్మిన్ కాలేయపు కొవ్వును తగ్గించలేకపోయింది, ఇన్సులిన్ స్పందననూ మెరుగుపరచలేకపోయింది. అంటే ఆ రెండు ప్రయోజనాలకూ ఈ ఫాస్ఫేటు కావాలి. మెట్‌ఫార్మిన్‌కు ఇతర మార్గాలూ ఉన్నాయి. మీ మందు సంగతి తెలుసుకోవడానికి మీ డాక్టరుగారు మూడు నెలలకోసారి రాసే హెచ్‌బీఏ1సీ పరీక్షే చాలు.

ప్రశ్న: మేం చేపల మేతలో నూనె శాతం మార్చి కాలేయంలో కొవ్వు చూస్తున్నాం. ఫాస్ఫో ఏసీసీ యాంటీబాడీ కాగితం మీద మనిషి, ఎలుక, చిట్టెలుక అనే ఉంది. చేపకు పనిచేస్తుందా? ఫిషింగ్ హార్బరులో కొన్న చేపలతో ముందు సరిచూసుకోవచ్చా?
— మత్స్యశాస్త్ర విద్యార్థి, చినవాల్తేరు

జవాబు: మొదటి ప్రశ్నకు జవాబు సీసా కాగితంలో దొరకదు, మీరే రాబట్టాలి. మీ చేప ఏసీసీ వరసను జన్యు సమాచార కోశంలోంచి తీసి, ఆ సెరీన్‌కు అటూ ఇటూ ఏడెనిమిది ఎమైనో ఆమ్లాలను ఎలుక వరస పక్కన పెట్టి చూడండి. ఎలుకలో ఆ ముక్క ఎంత నమ్మకమైనదంటే, 1989లో స్కాట్లండ్‌లోని డండీలో గ్రాహమ్ హార్డీ బృందం దాన్ని పోలిన చిన్న పెప్టైడ్‌నే, అంటే ఎమైనో ఆమ్లాల పొట్టి గొలుసునే, ఏఎంపీకేను కొలవడానికి వాడింది, సామ్స్ పెప్టైడ్ అని ఇప్పటికీ వాడుకలో ఉంది. అందులో 77వ సెరీన్‌ను అలనిన్‌గా మార్చారు, వేరే ఎంజైము అక్కడ ఫాస్ఫేటు పెట్టకుండా ఉండడానికి. మీ చేపలో వరస ఒకేలా ఉంటే ఆశ ఉంది. సెరీన్ పక్కనే తేడాలుంటే డబ్బు ఖర్చుపెట్టకండి. గీత వచ్చినా 265 దగ్గరే వచ్చిందా, అదే చోట స్ట్రెప్టావిడిన్ గీత కూడా ఉందా, లాంబ్డా ఫాస్ఫటేజ్‌తో పోయిందా అన్న మూడూ చూసుకున్నాకే నమ్మండి.

హార్బరు చేప మాత్రం వద్దు. వలలో గింజుకుని, డెక్ మీద ఊపిరాడక, ఐసు పెట్టెలో గంటల తరబడి ఉండి వచ్చిన వంజరం కాలేయంలో ఫాస్ఫేటు ఎంత ఉన్నా, ఎంత లేకపోయినా, అది చేప ఎలా చచ్చిందో చెబుతుందే గాని ఏం తిందో చెప్పదు. మొత్తం ఏసీసీని స్ట్రెప్టావిడిన్‌తో చూడడానికైతే అది ఉపయోగపడుతుంది, మిగిలింది పులుసుకు. ఫాస్ఫో గీతకు మీ తొట్టిలోని చేపనే, తొట్టి పక్కనే, నైట్రోజన్ పటకారుతో నొక్కాలి.

ప్రశ్న: మా మేడమ్ గారు ఒకసారి పలచన చేసిన యాంటీబాడీని పారేయవద్దని, ఫ్రిజ్‌లో దాచి మళ్లీ వాడమని అంటారు. అలా చేయవచ్చా? ఎన్నిసార్లు?
— ల్యాబ్ టెక్నీషియన్, మద్దిలపాలెం

జవాబు: చేయవచ్చు, ఖరీదు చూస్తే చాలా ల్యాబుల్లో చేస్తారు. బీఎస్‌ఏలో కలిపినదాన్ని 0.02 శాతం సోడియం అజైడ్ వేసి 4 డిగ్రీల దగ్గర ఉంచితే కొన్ని వారాలు నిలుస్తుంది. పాలపొడిలో కలిపినది మన ఊరి ఉక్కకు ఫ్రిజ్ తలుపు నాలుగుసార్లు తీసేసరికి పులుస్తుంది, దాన్ని దాచకండి. అజైడ్ విషం, చేతికి తొడుగు ఉండాలి, సింకులో పోయకూడదు. పైగా అది సెకండరీ యాంటీబాడీకి తగిలించి ఉండే, గీతను కనబరిచే పెరాక్సిడేజ్ అనే ఎంజైమును చంపుతుంది కనుక, సెకండరీలో అజైడ్ ఎప్పుడూ వేయకండి, ప్రైమరీ తర్వాత పొరను మూడుసార్లు బాగా కడగండి. ఎన్నిసార్లు అన్నదానికి లెక్క లేదు. డబ్బా మీద తేదీ, వాడిన సంఖ్య రాస్తూ, ప్రతిసారీ ఐకార్ నమూనా గీతను క్రితంసారి గీతతో పోల్చండి. అది సన్నబడడం మొదలైన రోజు కొత్తది కలపండి. తక్కువ, ఎక్కువ అన్న పోలికలున్న నమూనాలను మాత్రం ఒకే రోజు, ఒకే డబ్బాలోని యాంటీబాడీతో, ఒకే పొర మీద చేయండి. అసలు సీసా మైనస్ 20లోనే ఉండాలి. అందులో సగం గ్లిసరాల్ ఉంటే గడ్డకట్టదు కనుక చిన్న గొట్టాల్లోకి పంచనక్కరలేదు, తీసిన వెంటనే ఐసు మీద పెట్టి, కావలసిన పది మైక్రోలీటర్లు తీసుకుని, వెనక్కి పెట్టేయండి.